జెల్ల కడుపులో నేరేడు గింజలు

"ఆగండాగండి! ఆ పేగులు పారెయ్యకండి!"

భద్రాచలం చేపల మార్కెట్లో అంతకుముందెప్పుడూ వినిపించని కేక అది. తలకాయ మాకే కావాలని పోట్లాడుకున్నవాళ్ళున్నారు. గుడ్లున్న చేప దొరకలేదని అలిగి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. పేగుల కోసం పరుగెత్తుకొచ్చిన మనిషిని మాత్రం షాలేమ్‌రాజు ఆ రోజే చూశాడు.

అతని చెయ్యి గాల్లో ఆగిపోయింది. చేతిలో అప్పుడే కోసిన వాలుగ చేప పేగులు. బల్ల కింద వాటి కోసమే కాచుకుని కూర్చున్న నల్లపిల్లి. ఎదురుగా ఒక అమ్మాయి. కళ్ళద్దాల మీద వాన చినుకులు, భుజాన బ్యాగు, బ్యాగులో గలగలమంటున్న గాజు సీసాలు.

ఆ కంగారులో పేగులు జారిపోయాయి. పిల్లికీ దక్కలేదు, నేలకీ దక్కలేదు. ఆమె తెరిచి పట్టుకున్న నోటు పుస్తకం నడిమధ్య పడ్డాయి.

"అయ్యో, సారీ మేడం!"

"పర్లేదు, పర్లేదు" అంటూ ఆమె పుస్తకాన్ని పళ్ళెంలా పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "చిరగలేదు కదా?"

"బుక్కా మేడం?"

"కాదు, కడుపు."

షాలేమ్‌రాజు తనకు తెలియకుండానే తన కడుపు తడుముకున్నాడు. పక్క బల్ల మీద ఎండుచేపలు అమ్మే జంపక్క కిసుక్కున నవ్వింది.

షాలేమ్‌రాజుకి ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ పాసై, రెండు ఉద్యోగ పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేదాకా అని చెప్పి మూడేళ్ళుగా అమ్మ విశ్రాంతమ్మ బల్ల దగ్గర చేపలు కోస్తున్నాడు. తండ్రి ఆంథోని గోదావరి మీద చేపలు పడతాడు, తల్లి అమ్ముతుంది, కొడుకు కోస్తాడు. కత్తిపీట ముందు కూర్చుంటే ఎంత పెద్ద వాలుగైనా రెండు నిమిషాల్లో ముక్కలు. అమ్మాయిలతో మాట్లాడటంలో మాత్రం ఆ చురుకుదనం ఎక్కడికి పోతుందో తెలియదు.

"పేగులేం జేస్కుంటరు మేడం? పిల్లిని పెంచుతున్నరా?"

"పీహెచ్‌డీ చేస్తున్నాను."

"పేగుల మీదనా?"

"పేగుల మీద కాదండీ, పేగుల్లో ఉన్నదాని మీద. ఏ చేప ఏం తింటోంది, ఎక్కడుండి తింటోంది అని. నా పేరు స్తుతి. మాది ఎర్రుపాలెం."

చేప ఏం తింటుందో తెలుసుకోవడానికి డాక్టరు పట్టా ఇస్తారన్న సంగతి ఆ మార్కెట్లో పెద్ద సంచలనం. జంపక్క ఉండబట్టలేక లేచి వచ్చింది.

"చేపలను మనం తింటం గానీ, చేపలు ఏం తింటే మనకేంది బిడ్డా?"

స్తుతికి అలాంటి ప్రశ్నే కావాలి. బ్యాగు బల్ల మీద పెట్టి మొదలుపెట్టింది. రెండేళ్ళు గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పనిచేసిందట. అక్కడ పోటు వచ్చి నీళ్ళు పైకి లేచినప్పుడు చేపలు మడ అడవుల్లోకి, చెట్ల వేళ్ళ మధ్యకి దూరి కడుపునిండా తింటాయట. నీళ్ళు తీసినప్పుడు మళ్ళీ బయటికి వచ్చేస్తాయట.

"అచ్చం హోటల్‌కి వెళ్ళొచ్చినట్టు" అంది స్తుతి. "ఇప్పుడు ఇక్కడ పైన, వాగులు గోదావరిలో కలిసే చోట కూడా చేపలు అలాగే తిరుగుతాయా, లేదా అని చూడాలి."

"మా దిక్కు చేపలకు హోటళ్ళు అలవాటు లేదు మేడం. ఇంట్లనే తింటయ్" అన్నాడు షాలేమ్‌రాజు.

స్తుతి నవ్వింది. కళ్ళద్దాల వెనక కళ్ళు చిన్నవై, బుగ్గ మీద సొట్ట పడి, ముందుపళ్ళ మధ్య చిన్న సందు కనిపించింది. షాలేమ్‌రాజుకి ఆ రోజు ఇంకో చేప కొయ్యబుద్ధి కాలేదు.

"నాకు రోజూ కడుపులు కావాలి. ప్రతి సీసా మీద మూడు సంగతులు రాయాలి. చేప పేరు, పొడుగు, పట్టిన చోటు" అని ఆమె చెప్పిందో లేదో, మార్కెట్ ఆ మూల ఒక్కసారిగా మూగబోయింది. అటు పక్క బల్లవాళ్ళు తల ఎత్తి పైకప్పు రేకుల వంక చూడసాగారు. జంపక్క తన ఎండుచేపల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు" అన్నాడు షాలేమ్‌రాజు. "చోటు అంటే గోదాట్ల, మేడం."

"గోదావరి చాలా పొడుగుంది కదండీ. ఎక్కడ? ఇసుక మీదా, రాళ్ళ దగ్గరా, బురదలోనా, మడుగులోనా?"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. గోదావరి మీద వల వేసేవాణ్ణి ఏమైనా అడగొచ్చు. వయసు అడగొచ్చు, పెళ్ళాంతో ఎందుకు గొడవపడ్డావో అడగొచ్చు. చేప ఎక్కడ పట్టావని మాత్రం అడగకూడదు. అడిగితే "గోదాట్ల" అంటాడు. ఆంథోని అయితే ఆ మాట కూడా అనకుండా బీడీ ముట్టిస్తాడు. అతనికి నేరేడు చెట్ల కింద ఒక మడుగుంది. కిన్నెరసాని దాటాక గోదావరిలో కలిసే ఒక చిన్న వాగు మొగలో, పొదల చాటున ఉంటుంది. ఆ చోటు ఇంట్లోవాళ్ళకి తప్ప చెప్పకూడదని అతని తండ్రి చెప్పాడు. అంచేత వేరుపడిన సొంత తమ్ముడికి కూడా ఆంథోని చెప్పలేదు. పెళ్ళైన మూడో రోజు విశ్రాంతమ్మను పడవెక్కించి తీసుకెళ్ళి చూపించాడు. "గొలుసు పెట్టలే, మంచి చీర పెట్టలే, మడుగు చూపిచ్చిండు" అని విశ్రాంతమ్మ ఇప్పటికీ అంటుంది. అది ఫిర్యాదో గొప్పో ఎవరికీ తేలలేదు.

అలాంటి ఇంటి కొడుకు చోటు ఎలా చెప్తాడు? చెప్పనంటే ఈ అమ్మాయి సీసాలు సర్దుకుని ఇంకో బల్లకి పోతుంది. షాలేమ్‌రాజు ఆమె బుగ్గ మీది సొట్ట చూశాడు, బల్ల కింది పిల్లిని చూశాడు, నోరు తెరిచాడు.

"నది నడుమ, ఇసుక మీద" అన్నాడు.

స్తుతి ముత్యాల్లాంటి అక్షరాలతో సీసా మీద రాసుకుంది.

మర్నాటి నుంచి పొద్దున్నే ఆరున్నరకల్లా ఆమె రావడం, అతను చేప కోసి కడుపు చిరగకుండా తీసి పెట్టడం, ఆమె స్కేలుతో కొలవడం, ఆమె అడగడం, అతను నోటికొచ్చింది చెప్పడం. ఇసుక మీద. బ్రిడ్జి అవతల ఇసుక మీద. బ్రిడ్జి ఇవతల ఇసుక మీద. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో చూసి అతనికే ఆశ్చర్యం వేసింది.

"రోజూ ఇసుక మీదేనా మీ నాన్నగారు?" అని ఒకసారి అడిగింది.

"మా నాయనకు ఇసుకంటే మస్తు ఇష్టం మేడం."

మార్కెట్‌కి ఇదంతా సినిమా కంటే బాగుంది. "వేరేటోళ్ళు పూలిస్తరు, వీడు పేగులిస్తుండు" అని జంపక్క వచ్చిన ప్రతి గిరాకీకి చెప్పేది. పేగులన్నీ సీసాల్లోకి పోతుంటే నల్లపిల్లి చిక్కిపోయి, స్తుతి కనబడితే చాలు గుర్రుమనేది. కొడుకు రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుని చేపలు కొయ్యడానికి వస్తున్నాడని విశ్రాంతమ్మ గమనించింది.

రెండో వారంలో ఒక వానరోజు గిరాకీ లేదు. స్తుతి చిన్న కత్తెర తీసి బల్ల మీదే ఒక కడుపు కోసి చూపించింది.

"ఇదిగో, ఇది రొయ్య కాలు. ఇది నత్త గుల్ల ముక్క. ఇది పురుగు రెక్క. చూశారా, నిన్న సాయంత్రం ఈ చేప ఎక్కడెక్కడ తిరిగిందో మొత్తం ఇందులో ఉంది. చేప అబద్ధం చెప్పలేదు."

ఆ మాట షాలేమ్‌రాజుకి గుచ్చుకుంది. అయినా తొంగి చూశాడు. మూడేళ్ళుగా వేల కడుపులు కోసి పారేశాడు గానీ ఒక్కదాన్నీ తెరిచి చూడలేదు. వాన ధార రేకుల మీంచి ఇద్దరి మధ్యకి కారుతుంటే ఆమె జరిగి అతని పక్కకొచ్చింది. సీసాల్లోని ఫార్మాలిన్ వాసన, చేప వాసన, తడిసిన జడ వాసన అన్నీ కలిసి వచ్చాయి. ఆ మూడూ కలిస్తే ఇంత బాగుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఆమె మీసాల చేప జెల్ల కడుపు కోసింది. లోపల నుంచి ఊదారంగు గింజలు టపటపా రాలాయి.

"నేరేడు గింజలు!" స్తుతి కెవ్వుమంది. "ఇరవై మూడు! షాలేం గారూ, ఇదెక్కడ పట్టారు?"

షాలేమ్‌రాజు కత్తిపీట కడగడం మొదలుపెట్టాడు.

"ఇసుక మీద."

"నది మధ్యలోనా? అక్కడ చెట్టే లేదు కదా!"

"లేదు."

"నిజంగా?"

"నిజంగ."

స్తుతి కళ్ళు మతాబుల్లా వెలిగాయి. ఆ తర్వాత మూడు వారాలు వచ్చిన జెల్లల్లో సగానికి నేరేడు గింజలే, సీసాల మీద అన్నిటికీ ఇసుకే. అరవై నాలుగు సీసాలయ్యాయి. జూలై రెండో వారంలో ఒక పొద్దున ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి, చుట్టూ చేపలున్నాయన్న సంగతి కూడా మర్చిపోయి అతని చెయ్యి పట్టుకుంది.

"కనిపెట్టేశాను! మన జెల్లలు కూడా సముద్రపు మొగ దగ్గరి చేపల్లాగే చేస్తున్నాయి. పగలంతా నది మధ్య ఇసుకలో ఉండి, పొద్దుగూకాక మైళ్ళ దూరం ఈదుకుంటూ అడవి వాగుల్లోకి వెళ్ళి నేరేడు పళ్ళు తిని, తెల్లారేసరికి మళ్ళీ ఇసుకలోకి వచ్చేస్తున్నాయి! ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదు. శుక్రవారం ఖమ్మంలో సెమినార్. మా గైడ్ మేడం వస్తున్నారు, పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. అంతా మీ వల్లే షాలేం గారూ!"

షాలేమ్‌రాజు ఆ చేతినీ, ఆమె ముఖాన్నీ చూశాడు. జెల్లలు ఎక్కడికీ పోవడం లేదు. నేరేడు చెట్టు కింద కూర్చుని రాలిన పండు రాలినట్టే తింటున్నాయి. మైళ్ళ దూరం పోయింది అతని అబద్ధమే. ఇప్పుడది ఖమ్మం పోయి, మైకులో మాట్లాడబోతోంది.

శుక్రవారం పొద్దున విశ్రాంతమ్మ బొమ్మిడాయిల పులుసు డబ్బాలో సర్దింది. "పిల్ల ఒక్కతే పోతుంది, తోడు పో" అంది. ఖమ్మం బస్సులో స్తుతి కిటికీ పక్కన, డబ్బా ఒళ్ళో పెట్టుకుని అతను పక్కన.

పాల్వంచ దాకా వాన గురించి మాట్లాడాడు. కొత్తగూడెం దాకా బస్సు గురించి మాట్లాడాడు. జూలూరుపాడు దాటాక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

"మేడం, ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు."

"మళ్ళీ మేడం ఏంటి? స్తుతి అనండి."

"స్తుతీ, ఇసుక లేదు."

"ఎక్కడ లేదు?"

"ఏడా లేదు. అన్నీ ఒక్క మడుగుల పట్టినయే. దాని మీద నేరేడు చెట్లుంటయ్. పండు రాల్తది, జెల్ల తింటది. అంతే. నేనే అబద్ధం రాపిచ్చిన."

స్తుతి అతని వైపు తిరిగింది. నవ్వుతాడేమోనని ఎదురుచూసింది. అతను నవ్వలేదు.

"అరవై నాలుగు సీసాలూ?"

"అవ్."

"ఎందుకు?"

"చోటు ఇంట్లోళ్ళకు తప్ప చెప్పొద్దని మాకు కట్టడి. చెప్పనంటే నువ్వు వేరే బల్లకాడికి పోతవ్. నువ్వు రోజూ రావాలె, నాకు గంతే తెల్సు. నువ్వంటే నాకిష్టం. చెప్పే మొఖం లేక ఇసుకని చెప్పిన."

ఎంతో అందంగా మొదలుపెట్టాల్సిన మాటని ఇంత దరిద్రంగా ఎవరూ చెప్పి ఉండరు. స్తుతి ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

"మా నాన్న డేవిడ్ ఎర్రుపాలెం స్టేషన్లో పాయింట్స్‌మన్" అంది మెల్లగా. "రైలు ఏ లైన్లోకి పోవాలో చూసే పని. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పు లైను ఇవ్వలేదు. నన్ను అలా పెంచాడు. నువ్వు నాకు అరవై నాలుగు తప్పు లైన్లిచ్చావు షాలేం. ఇంకో గంటలో నేనక్కడ నిలబడి ఏం చెప్పాలి?"

ఆ తర్వాత ఖమ్మం వచ్చేదాకా ఆమె కిటికీలోంచి పత్తి చేలనే చూసింది. దిగేటప్పుడు పులుసు డబ్బా మాత్రం అతని చేతిలోంచి లాక్కుంది. "ఇది ఆంటీ పంపింది" అంది.

సెమినార్ హాల్లో షాలేమ్‌రాజు చివరి తలుపు దగ్గర నక్కి నిలబడ్డాడు. స్తుతి వేదిక ఎక్కింది. వెనక తెర మీద జెల్ల బొమ్మ, నేరేడు గింజలు, పెద్ద అక్షరాలతో ఆమె కనిపెట్టిన సంగతి. ఆమె ఒక్క బటన్ నొక్కి తెరని ఖాళీ చేసింది.

"నా దగ్గర ఒక పెద్ద ఫలితం ఉండేది. ఇవాళ పొద్దున జూలూరుపాడు దాకా ఉంది" అంది. హాల్లో నవ్వులు. "చేపల కడుపుల్లో ఏముందో నేను చూశాను, అది నిజం. చేపల్ని ఎక్కడ పట్టారో నేను చూళ్ళేదు, ఒకరి మాట నమ్మాను. అది తప్పు. నాకు చోట్లు చెప్పిన వ్యక్తి ఈ హాల్లోనే ఉన్నారు. చివరి తలుపు దగ్గర, నీలం చొక్కా."

నూటయాభై తలలు వెనక్కి తిరిగాయి. షాలేమ్‌రాజు నమస్కారం పెట్టాడు. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతకంటే ఎక్కువగా, ఆమె అలా నిటారుగా నిలబడి తప్పు ఒప్పుకుంటుంటే, ఈ అమ్మాయి లేకుండా తన బతుకు ఎలా అని భయం వేసింది.

తొమ్మిది రోజులు స్తుతి మార్కెట్‌కి రాలేదు. నల్లపిల్లి మళ్ళీ ఒళ్ళు చేసింది. పదో రోజు ఆమె వచ్చి, ఖాళీ డబ్బా విశ్రాంతమ్మ ముందు పెట్టింది. మూరెడు దూరంలో కత్తిపీట ముందున్న షాలేమ్‌రాజు వైపు చూడనే లేదు.

"ఆంటీ, పులుసు చాలా బాగుంది. మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. మా గైడ్ మేడం నన్ను తిట్టలేదని. నెలాఖరులోగా చోటు నేను కళ్ళారా చూసి ఇరవై సీసాలు తేవాలన్నారని. లేకపోతే ఇక్కడి పని మానేసి కాకినాడ వెళ్ళిపోవాలని."

"చెప్త బిడ్డా" అంది విశ్రాంతమ్మ. "ఒరేయ్, ఇన్నవా?"

"విన్ననని చెప్పమ్మా. నెలాఖరుకు ఎన్ని రోజులుందో అడుగు."

"ఎనిమిది రోజులని చెప్పండి ఆంటీ."

"నేరేడు పళ్ళు ఇంక నాలుగు రోజులే ఉంటయని చెప్పమ్మా."

"మీ పంచాయితీ పాడుగాను!" అని విశ్రాంతమ్మ తక్కెట్లోని చేపని బల్ల మీద కొట్టింది. "నోళ్ళు లేవా మీకు?"

జంపక్క నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. స్తుతి వెళ్ళిపోయాక విశ్రాంతమ్మ కొడుకు పక్కకి జరిగింది.

"నువ్వు ఇసుకంటుంటే నవ్వులాటకనుకున్న. అదంతా ఆ పిల్ల నిజమని రాస్కుంటుందని నాకు చెప్పనే లేదు."

"చోటు చెప్పొద్దన్నది మీరే గదమ్మా."

"చెప్పొద్దన్నం. అబద్ధం రాపియ్యమనలే." ఆమె చేతిమీంచి చేప పొలుసు గీక్కుంది. "మీ నాయన నాకు చూపిచ్చిండు. నువ్వు ఎవలికి చూపిస్తవో నువ్వే తేల్చుకో. తేల్చుకున్నంక మాత్రం ఎనక్కి పోయేది లేదు. చోటు ఒకసారి చూస్తే మనిషి మర్చిపోడు."

ఆ సాయంత్రం షాలేమ్‌రాజు స్తుతి కిరాయికుంటున్న గది ముందు నిలబడ్డాడు.

"రేపు పొద్దున ఆరింటికి రేవుకాడికి రా. నిజం చోటు చూపిస్త."

"ఇదైనా నిజమా?"

"లైఫ్ జాకెట్ తెచ్చుకో."

"ఎందుకు, ముంచుతావా?"

"ముంచింది చాలదా?" అన్నాడు. స్తుతి పెదవి చివర ఏదో కదిలింది గానీ ఆపేసుకుంది.

తెల్లారి గోదావరి ఎర్రగా ఉబ్బి ఉంది. వరద మొదటి హెచ్చరికకి ఇంకా చాలా దూరం గానీ, పైన ఎక్కడో బాగా కురిసినట్టుంది. పడవలో స్తుతి ముందు, సీసాల బ్యాగూ విశ్రాంతమ్మ కట్టిన డబ్బా మధ్యలో, తెడ్డు పట్టుకుని అతను వెనక. సన్నగా జల్లు పడుతోంది. కిన్నెరసాని దాటారు.

"ఒక మాట ముందే చెప్త" అన్నాడు. "అప్పుడు చెప్పకుండ తప్పు చేసిన, ఇప్పుడు చెప్పి తీస్కపోత. ఈ మడుగు మా ఇంట్లోళ్ళకే చూపిస్తం. మా నాయన మా అమ్మకు పెళ్ళైన మూడో రోజు చూపిచ్చిండు. అది తెల్సే నిన్ను తీస్కపోతున్న. నువ్వు అవ్ అనాలని లేదు. పని చేస్కొని పో, ఎవలికీ చెప్పకు, చాలు. నా దిక్కు నుంచి మాత్రం గింతే. అబద్ధం లేదు."

స్తుతి వెనక్కి తిరగలేదు. లైఫ్ జాకెట్ పట్టీని అనవసరంగా మూడుసార్లు బిగించుకుంది. ఆమె చెవులు ఎర్రబడటం వెనకనుంచి అతనికి కనిపించింది.

పొదలు తప్పించుకుని పడవ వాగు మొగలోకి తిరిగింది. రెండు ఒడ్లూ వంగిపోయిన నేరేడు చెట్లు. మిగిలిన నాలుగు పళ్ళూ వాన చినుకులతో పాటు టపుక్ టపుక్‌మని రాలుతున్నాయి. పండు పడ్డ చోటల్లా నీళ్ళు ఒక్కసారి గిర్రున తిరుగుతున్నాయి.

స్తుతి నీళ్ళలోకి వంగింది. ఒక ఎండుటాకు వేసి చూసింది. ఆకు గోదావరిలోకి పోవాల్సింది పోయి, మెల్లగా వాగు లోపలికి నడిచింది.

"షాలేం! నీళ్ళు వెనక్కి పోతున్నాయి!"

"అవ్, గోదారి లేస్తే గిట్లనే వాగులకు ఎక్కుతది. తగ్గితే మళ్ళ దిగుతది. నీళ్ళతోటే చేపలు లోపలికొస్తయ్."

"పోటూ పాటులాగ!" ఆమె లేచి నిలబడబోయి పడవని ఇంచుమించు బోల్తా కొట్టించింది. "అక్కడ సముద్రం తోస్తుంది, ఇక్కడ గోదావరి తోస్తోంది! మైళ్ళ దూరం ఎక్కడికీ పోవక్కర్లేదు. నీళ్ళే వాటిని అన్నం దగ్గరికి తీసుకొస్తున్నాయి. ఇది చాలా చిన్న సంగతి షాలేం. కానీ నిజం!"

"ఎవర్రా ఆడ అరిచేది? చేపలు బెదురుతయ్!"

చెట్ల చాటునుంచి ఇంకో పడవ వచ్చింది. అందులో వల, వలలో జెల్లలు, వల పక్కన ఆంథోని. తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. స్తుతి గబుక్కున కూర్చుంది.

"ఎవర్రా ఆ పిల్ల?"

"స్తుతి, నాయనా. పేగుల మేడం."

"పేగుల మేడమైతే మార్కెట్ల ఉండాలె. మడుగుకాడ ఏం పని?"

"నేనే తీస్కొచ్చిన."

"ఇంట్లోళ్ళకు తప్ప..."

"తెల్సు నాయనా. అందుకే తీస్కొచ్చిన."

ఆంథోని తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. వాన పడుతుంటే ముఖం ఎందుకు తుడుచుకున్నాడో అతనికే తెలియాలి.

"మీ అమ్మకు ఎర్కేనా?"

"తినడానికి డబ్బా కట్టి పంపింది."

"అంటే నాకొక్కనికే ఎర్క లేదన్నట్టు." ఆంథోని పడవని దగ్గరికి తెచ్చాడు. "ఏమ్మా, ఈ చోటు నీ బుక్కుల రాస్తవా? లోకమంతా వచ్చి వలలేస్తది."

"రాయను. బుక్కులో నంబరొకటే వేస్తాను. మా గైడ్ మేడంని కూడా ఒప్పిస్తాను" అంది స్తుతి. "సీసా మీద మాత్రం పట్టిన చోటు రాయాలి. ఆ సీసాలు నా దగ్గరే ఉంటాయి."

ఆంథోని ఆలోచించి, వలలోంచి ఒక జెల్లని తీసి ఆమె ఒళ్ళోకి వేశాడు. మీసాలు ఆడిస్తూ అది ఎగిరెగిరి పడింది. షాలేమ్‌రాజు పడవలోనే కోసి కడుపు తీసిచ్చాడు. స్తుతి సీసాలో వేసి, మోకాలి మీద కాగితం పెట్టి, వాన పడకుండా ఒంగి చాలాసేపు రాసింది. రాసి, ఆ కాగితాన్ని సీసాకి అంటించి, సీసాని షాలేమ్‌రాజు చేతిలో పెట్టి, గోదావరి వైపు తిరిగి కూర్చుంది.

"ఏం రాసింది, చదువురా" అన్నాడు ఆంథోని. అతనికి చదువు రాదు.

"చేప పేరు, జెల్ల" అని షాలేమ్‌రాజు మొదలుపెట్టాడు. "పొడుగు, ముప్పై ఒక్క సెంటీమీటర్లు. పట్టిన చోటు..."

అతను సీసాని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"చదువు, ఆగినవేంది?"

"పట్టిన చోటు, మా మామయ్యగారి మడుగు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకూడదు."

నేరేడు పండొకటి టపుక్‌మని పడింది. ఆంథోని కోడలి వీపు వంక చూశాడు, కొడుకు ముఖం వంక చూశాడు, నవ్వు మీసాల్లో దాచుకుంటూ వల సర్దుకున్నాడు.

"ఆదివారం చర్చి అయినంక మీ నాయనకు ఫోన్ కలుపమ్మా, మాట్లాడుత" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్, ఇంతకుముందు అన్నీ అబద్ధాలే రాపిచ్చినవంట గదా. ఇదన్న సరిగ్గ రాసి ఉందా?"

షాలేమ్‌రాజు సీసాని రెండు చేతులతో పట్టుకుని ఇంకోసారి చదువుకున్నాడు.

"ఇది కరెక్టే నాయనా" అన్నాడు.